మంచాలు దొరికాయి, మనుషులు దొరకలేదు: కోవిడ్ కాలంలో వ్యాపారాలూ ఎమర్జెన్సీ విభాగాలూ ఎక్కడ చిక్కుపడ్డాయి

2020 ఏప్రిల్ 3న లండన్‌లో, మామూలు రోజుల్లో వాణిజ్య ప్రదర్శనలు జరిగే ఎక్సెల్ కేంద్రంలో, నైటింగేల్ పేరుతో ఒక తాత్కాలిక ఆసుపత్రి మొదలైంది. సైనికులు, ఇంజినీర్లు, కార్మికులు కలిసి దాదాపు తొమ్మిది రోజుల్లో దాన్ని సిద్ధం చేశారు. అవసరమైతే 4,000 పడకల దాకా పెంచుకునేలా ఏర్పాట్లు జరిగాయి. తొలి దశ ముగిసేనాటికి అక్కడ చికిత్స పొందినవారు 54 మంది. నగరంలోని పాత ఆసుపత్రులు తమ ఐసీయూలను తామే విస్తరించుకోవడం ఇందుకు ఒక కారణం. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని చూసుకోగల నర్సు కొత్త ఆసుపత్రికి రావాలంటే ఏదో ఒక పాత ఆసుపత్రి నుంచే రావలసి ఉండటం రెండో కారణం. మంచం అదనంగా వేయవచ్చు గానీ, ఆ మంచం పక్కన నిలబడే మనిషిని ఇంకో మంచం దగ్గర నుంచి తప్పించకుండా తీసుకురావడం ఎవరి వల్లా కాలేదు.

కోవిడ్ గురించి మాట్లాడుకునేటప్పుడు వ్యాపారాల కష్టాలను ఒక కథగా, ఆసుపత్రుల కష్టాలను మరొక కథగా చెప్పుకోవడం అలవాటైంది. మొదటిది ఆర్థిక పుటల్లో, రెండోది ఆరోగ్య పుటల్లో వస్తుంది. ఈ విభజన వల్ల అసలు విషయం మరుగున పడుతోందని నా అభిప్రాయం. దుకాణం, హోటల్, కర్మాగారం, ఎమర్జెన్సీ విభాగం, ఇవన్నీ మహమ్మారికి ముందే అదనం అన్నది లేకుండా నడవడానికి అలవాటు పడ్డాయి: ఒకచోట అదనపు నగదు లేదు, మరోచోట అదనపు సిబ్బంది లేరు. దెబ్బ తగిలినప్పుడు నగదు లోటును ప్రభుత్వాలు కొన్ని వారాల్లోనే చాలావరకు పూడ్చగలిగాయి. సిబ్బంది లోటును పూడ్చలేకపోయాయి. పైగా ఆ రెండు లోట్లు ఒకదానికొకటి ముడిపడి ఉన్నందువల్ల, వ్యాపారాల్లో మొదలైన కొరత చాలాచోట్ల ఆసుపత్రి గుమ్మం దగ్గర బయటపడింది.

చేతిలో ఎన్ని రోజులకు సరిపడా డబ్బుంది?

వ్యాపారం వైపు నుంచి మొదలుపెడదాం. కోవిడ్‌కు చాలా ముందు, 2016లో, జేపీమోర్గాన్ చేజ్ సంస్థకు చెందిన పరిశోధన విభాగం అమెరికాలోని చిన్న వ్యాపారాల బ్యాంకు ఖాతాలను పరిశీలించింది. రాబడి పూర్తిగా ఆగిపోతే చేతిలో ఉన్న నగదుతో ఎన్ని రోజులు ఖర్చులు భరించగలరన్నది ప్రశ్న. చిన్న వ్యాపారాలన్నిటినీ వరుసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉన్నదానికి వచ్చిన జవాబు 27 రోజులు. రెస్టారెంట్ల విషయంలో అది 16 రోజులే. అంటే సాధారణ పరిస్థితుల్లో, లాభాల్లో నడుస్తున్న రెస్టారెంటు సైతం మూడు వారాలు తలుపులు మూస్తే జీతాలకు వెతుక్కోవలసిందే.

దీన్ని కాస్త దగ్గరగా చూస్తే సమస్య స్వభావం అర్థమవుతుంది. ఒక చిన్న హోటల్ యజమాని దుకాణం మూసిన మొదటి రోజు రాత్రి లెక్కల పుస్తకం ముందు కూర్చున్నాడనుకుందాం. సరుకుల ఖర్చు ఆగిపోయింది, ఎందుకంటే వండేదేమీ లేదు. విద్యుత్తు బిల్లు తగ్గుతుంది గానీ ఆగదు, ఎందుకంటే ఫ్రీజర్లు నడవాలి. అద్దె ఏమాత్రం తగ్గదు. పొయ్యిల కోసం, ఫర్నిచర్ కోసం తీసుకున్న అప్పు వాయిదా తగ్గదు. బీమా ప్రీమియం తగ్గదు. నిన్న తెచ్చిన సరుకు తాలూకు బాకీ వచ్చే వారం కట్టాలి. నిన్న వండినదాని డబ్బు ఇప్పటికే ఖర్చయిపోయింది. ఇక మిగిలింది జీతాలు. తన చేతిలో ఉన్న ఖర్చుల్లో తాను కోయగలిగినది అదొక్కటే. వ్యాపారులు కఠినాత్ములు కావడం వల్ల కోట్ల మంది పని పోగొట్టుకోలేదు. ఖర్చుల పట్టికలో మిగతా పద్దులన్నీ ముందే ఒప్పందాలతో బిగిసిపోయి ఉండగా, కార్మికుడి జీతం ఒక్కటే వదులుగా ఉండటం వల్ల పోగొట్టుకున్నారు.

2020 మార్చి చివర్లో, ఏప్రిల్ మొదటి వారంలో అమెరికాలో 5,800కు పైగా చిన్న వ్యాపారాల మీద ఆర్థికవేత్తలు జరిపిన సర్వేలో 43 శాతం అప్పటికే తాత్కాలికంగా మూతపడ్డాయని, ఉద్యోగుల సంఖ్య జనవరితో పోలిస్తే 39 శాతం తగ్గిందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్నది మార్చి 11న. అంటే ఇదంతా మూడు నాలుగు వారాల్లో జరిగిన పతనం. 2020 మొత్తానికి ప్రపంచవ్యాప్తంగా నష్టపోయిన పని గంటలు 25 కోట్ల 50 లక్షల పూర్తికాల ఉద్యోగాలతో సమానమని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కకట్టింది.

ఇక్కడ దేశాలు రెండు దారులు పట్టాయి. జర్మనీలో కుర్జార్‌బైట్ అనే పాత పద్ధతి ఉంది: కార్మికుడు ఉద్యోగంలోనే ఉంటాడు, పని గంటలు తగ్గుతాయి, కోల్పోయిన జీతంలో పెద్ద భాగాన్ని ప్రభుత్వ నిధి భరిస్తుంది. 2020 ఏప్రిల్‌లో దాదాపు 60 లక్షల మంది ఆ పద్ధతిలో ఉన్నారు. బ్రిటన్ అప్పటికప్పుడు అటువంటిదాన్నే రూపొందించి, జీతంలో 80 శాతాన్ని, నెలకు 2,500 పౌండ్ల పరిమితితో తానే చెల్లించింది. 2021 సెప్టెంబర్ 30న ముగిసే లోపు ఆ పథకం కోటి 17 లక్షల ఉద్యోగాలకు ఆసరా ఇచ్చింది. అమెరికాలో మాత్రం ఎక్కువ మంది ముందు ఉద్యోగం పోగొట్టుకుని, తర్వాత నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేసుకున్నారు; జీతాలు నిలబెట్టేందుకు ఉద్దేశించిన రుణ పథకానికి మొదటి విడతగా కేటాయించిన 349 బిలియన్ డాలర్లు ఏప్రిల్ 3న మొదలై 16వ తేదీకే అయిపోయాయి. డబ్బు మొత్తం పరంగా చూస్తే అమెరికా పిసినారితనం చూపలేదు. అయితే యజమానికీ పనివాడికీ మధ్య ఉన్న బంధం ఒకసారి తెగాక దాన్ని మళ్ళీ అతకడం వేరే పని. పాత సిబ్బంది ఊరు మారతారు, వృత్తి మారతారు, ఇంట్లో ముసలివారి బాధ్యత తీసుకుంటారు. ఈ సంగతి తర్వాతి రెండేళ్ళలో హోటళ్ళకూ ఆసుపత్రులకూ ఒకేలా అనుభవంలోకి వచ్చింది.

రోగులు లేని నెల

మహమ్మారి తొలి నెలల్లో జరిగిన ఒక పరిణామం చాలామందికి నమ్మశక్యంగా అనిపించదు. న్యూయార్క్ ఆసుపత్రుల బయట శవాల కోసం శీతల ట్రక్కులు నిలబడ్డ ఏప్రిల్ నెలలోనే, అమెరికా మొత్తం మీద ఎమర్జెన్సీ విభాగాలకు వచ్చేవారి సంఖ్య 42 శాతం పడిపోయింది. వ్యాధుల నియంత్రణ కేంద్రం లెక్కల ప్రకారం 2019 ఏప్రిల్‌లో వారానికి దాదాపు 21 లక్షలుగా ఉన్న సందర్శనలు ఏడాది తిరిగేసరికి 12 లక్షలకు చేరాయి. ఆసుపత్రికి వెళితే వ్యాధి అంటుకుంటుందని గుండెనొప్పి వచ్చినవారు సైతం ఇంట్లోనే ఉండిపోయారు. అదే సమయంలో పడకలను, రక్షణ సామగ్రిని ఆదా చేయడం కోసం ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సలను ప్రభుత్వాలు ఆపించాయి. అంతరాయం తీవ్రంగా ఉన్న 12 వారాల్లో ప్రపంచవ్యాప్తంగా 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు రద్దు లేదా వాయిదా పడవచ్చని పరిశోధకులు అంచనా వేశారు.

ఆసుపత్రి కూడా ఒక వ్యాపార సంస్థలాగే నడిచే చోట దీని ఫలితం ఊహించదగినదే. మోకాలి మార్పిడి, కంటి శుక్లం, పిత్తాశయం వంటి ఆపరేషన్ల మీద వచ్చే ఆదాయంతోనే చాలా ఆసుపత్రులు ఎమర్జెన్సీ విభాగాన్ని పోషిస్తాయి. ఎమర్జెన్సీ విభాగం రాత్రింబవళ్ళూ తెరిచి ఉండాలి, ఎవరు వచ్చినా చూడాలి, ఎవరూ రాకపోయినా వైద్యులూ నర్సులూ అక్కడ ఉండాలి. దాని ఖర్చు రోగుల సంఖ్యతో పాటు తగ్గదు. ఆపరేషన్ థియేటర్లు మూతపడగానే ఆ పోషణ ఆగింది. 2020 మార్చి నుంచి జూన్ వరకు నాలుగు నెలల్లో తమకు 202.6 బిలియన్ డాలర్ల నష్టం వాటిల్లుతుందని అమెరికా ఆసుపత్రుల సంఘం అంచనా కట్టింది.

ఆ తర్వాత వచ్చిన అంకె దగ్గర కాసేపు ఆగాలి. 2020 ఏప్రిల్ ఒక్క నెలలో అమెరికా ఆరోగ్య రంగంలో 14 లక్షల ఉద్యోగాలు పోయాయి. వాటిలో 5 లక్షలకు పైగా దంతవైద్యశాలల్లో, 2 లక్షల 40 వేలకు పైగా వైద్యుల క్లినిక్‌లలో పోయినవి. అందరూ ఐసీయూ నర్సులు కారన్నది నిజమే. అయినా శతాబ్దంలో ఎన్నడూ లేనంత పెద్ద ఆరోగ్య సంకటంలో ఆరోగ్య సిబ్బందిని ఇళ్ళకు పంపవలసి రావడం, హోటల్ యజమాని చూసిన ఖర్చుల పట్టికే ఆసుపత్రి నిర్వాహకుడి ముందు కూడా ఉందని తెలియజేస్తుంది. అక్కడ కూడా భవనం, యంత్రాలు, అప్పులు బిగిసి ఉన్నాయి. వదులుగా ఉన్నది జీతాల పద్దు.

ఒక డ్యూటీ చార్టు

రోగులు తిరిగి వచ్చారు. 2020 చివరి నాటికి, ఆ తర్వాత 2021 శీతాకాలంలో, ఎమర్జెన్సీ విభాగాలు కిక్కిరిసిపోయాయి. అప్పటికి ఉన్న సిబ్బంది ఎందుకు సరిపోలేదో తెలియాలంటే ఒక డ్యూటీ చార్టును లెక్క వేసి చూడాలి.

ఎమర్జెన్సీ విభాగంలో నలుగురు రోగులకు ఒక నర్సు, పరిస్థితి విషమించి ఐసీయూ స్థాయి సంరక్షణ అవసరమైన ఇద్దరు రోగులకు ఒక నర్సు చొప్పున ఉండాలన్నది కాలిఫోర్నియా రాష్ట్రం 2004 నుంచి అమలు చేస్తున్న నియమం. ఆ కొలతతో 48 పడకల విభాగాన్ని ఊహిద్దాం. డ్యూటీకి 12 మంది నర్సులు కావాలి. ఒక సాయంత్రం ఇద్దరికి కోవిడ్ పాజిటివ్ వచ్చింది, ఒకరి బిడ్డకు జ్వరం. మిగిలినవారు 9 మంది. ఒక్కొక్కరి వంతుకు ఐదుగురు చిల్లర. కష్టమే గానీ ఆ రాత్రి గడిచిపోతుంది. అయితే పై అంతస్తులోని ఐసీయూ నిండిపోయింది. అక్కడికి వెళ్ళవలసిన 10 మంది రోగులు ఎమర్జెన్సీ విభాగంలోనే స్ట్రెచర్ల మీద ఎదురుచూస్తున్నారు. వారికి ఇద్దరికొకరు చొప్పున ఐదుగురు నర్సులు పోయారు. ఇక మిగిలిన 38 పడకలకు నలుగురు. ఒక్కొక్కరి వంతుకు తొమ్మిది, పది మంది. పన్నెండు మందిలో ముగ్గురు రాకపోతే కొరత పావు వంతే కదా అని పైనుంచి చూసేవారికి అనిపిస్తుంది; కింద నిలబడ్డ నర్సుకు పని రెట్టింపును దాటింది.

ఆ పది మందిలో ఒకరిని బోర్లా పడుకోబెట్టాలనుకుందాం. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని వెంటిలేటర్ మీద ఉన్నవారిని రోజుకు దాదాపు 16 గంటలు బోర్లా ఉంచడం వల్ల ప్రాణాలు నిలిచే అవకాశం పెరుగుతుందని కోవిడ్‌కు ముందే తెలుసు. తల దగ్గర ఒకరు శ్వాసగొట్టాన్ని పట్టుకుని నిలబడాలి, ఎందుకంటే అది ఊడితే క్షణాల్లో ప్రాణం మీదికి వస్తుంది. రెండు పక్కలా మరో నలుగురు దుప్పటి అంచులు పట్టుకుని, రక్తనాళాల్లోకి వెళ్ళే గొట్టాలు మెలిపడకుండా చూసుకుంటూ, ఒకే మాట మీద రోగిని తిప్పాలి. అందరూ ముందుగా పీపీఈ కిట్లు వేసుకోవాలి, పని అయ్యాక వాటిని జాగ్రత్తగా విప్పాలి. విప్పేటప్పుడే అంటుకునే ప్రమాదం ఎక్కువ. పదహారు గంటల తర్వాత ఇదంతా మళ్ళీ వెల్లకిలా తిప్పడానికి. మామూలు రోగి విషయంలో ఒక నర్సు పది నిమిషాల్లో ముగించే పని స్థానంలో, ఐదుగురి అరగంట ఖర్చయ్యే పని వచ్చి చేరింది. రోగుల సంఖ్య పెరగడం మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఈ భారం ఎప్పటికీ కనిపించదు.

కొంచెం కొరత ఇంత పెద్ద రద్దీగా ఎలా మారుతుందనేదానికి గణితంలో పాత సమాధానం ఉంది. డెన్మార్క్ గణితవేత్త ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ 1909లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీ కోసం, ఒకేసారి వచ్చిపడే కాల్స్‌కు ఎన్ని లైన్లు కావాలన్న ప్రశ్న మీద చేసిన పనితో వరుసల గణితం మొదలైంది. ఒకే మనిషి పనిచేసే కౌంటర్ దగ్గరకు జనం ముందువెనుకలు లేకుండా వస్తుంటారని, ఒక్కొక్కరి పనికి ఒక్కో రకంగా సమయం పడుతుందని అనుకుందాం. ఆ మనిషి సమయంలో 80 శాతం పనితో నిండితే అక్కడ సగటున నలుగురు ఉంటారు. 90 శాతం నిండితే తొమ్మిది మంది. 95 శాతం నిండితే పందొమ్మిది మంది. పని పెరిగింది అయిదు శాతమే, వరుస మాత్రం రెట్టింపయింది. ఖాళీగా కనిపించిన ఆ ఇరవై శాతం సమయమే వరుసను అదుపులో ఉంచుతోందన్న మాట. వరుస చివర్లో ఉన్నది పక్షవాతం మొదలైన రోగి అయితే ఆ నిరీక్షణకు చెల్లించే మూల్యం మెదడు కణాలు.

ఇదే లెక్క గిడ్డంగులకూ వర్తిస్తుంది. సరుకు నిల్వలు తగ్గించి, అవసరమైన రోజుకు అవసరమైనంతే తెప్పించుకునే పద్ధతి దశాబ్దాలుగా లాభాలు ఇచ్చింది. 2020 మార్చి 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ, కోవిడ్‌ను ఎదుర్కోవడానికి నెలకు 8 కోట్ల 90 లక్షల వైద్య మాస్కులు కావాలని, తయారీని 40 శాతం పెంచాలని పిలుపునిచ్చింది. అప్పటికే సర్జికల్ మాస్కుల ధర ఆరింతలైంది. మాస్కుల కొరత కొన్ని నెలల్లో తీరింది, ఎందుకంటే మాస్కును యంత్రం తయారు చేస్తుంది.

వైరస్ ముందుగా అడిగింది ఇంట్లో పిల్లలను ఎవరు చూస్తారని

వ్యాపారాల కొరత, ఆసుపత్రుల కొరత ఎక్కడ కలుస్తాయన్నది ఇప్పుడు చూడాలి. మొదటి కూడలి బడి. మూసివేతలు పతాక స్థాయికి చేరినప్పుడు 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులు తరగతి గదులకు దూరమయ్యారు. బడి మూసివేత వైరస్ వ్యాప్తిని తగ్గించడానికి తీసుకున్న నిర్ణయం. కానీ అమెరికా ఆరోగ్య సిబ్బంది కుటుంబాల్లో దాదాపు 29 శాతం ఇళ్ళలో 3 నుంచి 12 ఏళ్ళ పిల్లలున్నారని, బడులు మూసేస్తే 15 శాతం ఇళ్ళలో పిల్లలను చూసుకోవడానికి వేరే దిక్కు ఉండదని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కించింది. ప్రపంచ నర్సుల్లో పది మందిలో తొమ్మిది మంది మహిళలే. పిల్లల సంరక్షణ కేంద్రాలు కూడా చిన్న వ్యాపారాలే. నగదు అయిపోయి అవి మూతపడితే, మర్నాడు ఎమర్జెన్సీ విభాగం డ్యూటీ చార్టులో ఒక పేరు మీద గీత పడుతుంది.

రెండో కూడలి ఒమిక్రాన్. 2021 నవంబర్ 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రకానికి పేరు పెట్టింది. ఒక్కొక్కరికి వచ్చే జబ్బు తీవ్రత అంతకు ముందు రకం కంటే తక్కువే. కానీ అది చాలామందికి ఒకేసారి వచ్చింది. సిబ్బందితో నడిచే ఏ సంస్థకైనా తీవ్రత కన్నా ఈ ఏకకాలమే ప్రమాదం. క్రిస్మస్ వారంలో విమాన సిబ్బంది మంచం పట్టి వేల విమానాలు రద్దయ్యాయి. డిసెంబర్ 23న ఆరోగ్య సిబ్బందికి, 27న సామాన్య ప్రజలకు ఐసోలేషన్ గడువును అమెరికా వ్యాధుల నియంత్రణ కేంద్రం తగ్గించింది. ప్రజలకు పది రోజులు ఐదయ్యాయి. 2022 జనవరిలో కాలిఫోర్నియా ఇంకో అడుగు వేసి, పాజిటివ్ వచ్చినా లక్షణాలు లేని ఆరోగ్య సిబ్బంది ఎన్95 మాస్కుతో వెంటనే విధులకు రావచ్చని ఫిబ్రవరి 1 వరకు అనుమతించింది. దీన్ని నిర్లక్ష్యంగా కొట్టిపారేయడం తేలిక. సమాచారం ఇచ్చిన అమెరికా ఆసుపత్రుల్లో దాదాపు నాలుగో వంతు తీవ్రమైన సిబ్బంది కొరత ఉందని చెబుతున్న వారాలవి. వైరస్ ఉన్న నర్సా, అసలు నర్సే లేకపోవడమా అన్న ప్రశ్నకు మంచి జవాబు లేదు. ఆ ప్రశ్న ఎదురు కాకుండా చూసుకునే అవకాశం ఒక్కటే ఉండేది, అది ఎన్నో ఏళ్ళ ముందే చేజారింది.

మూడో కూడలి గురించి తక్కువ మంది మాట్లాడతారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. 2022 డిసెంబర్‌లో, మహమ్మారి తీవ్రత ఎప్పుడో తగ్గిపోయాక, ఇంగ్లండ్‌లో ఆసుపత్రిలో చేర్చుకోవాలని నిర్ణయం జరిగిన తర్వాత కూడా పన్నెండు గంటలకు పైగా పడక కోసం ఎదురుచూసినవారు 54 వేలు దాటారు. నాలుగు గంటల్లోగా 95 శాతం మందిని చూసి పంపాలన్న లక్ష్యం ఉండగా, ఆ నెలలో 65 శాతం మందికే అది సాధ్యమైంది. ఆంబులెన్సులు ఆసుపత్రి బయట బారులు తీరాయి, ఎందుకంటే లోపల రోగిని దించడానికి చోటు లేదు. లోపల చోటు లేదు, ఎందుకంటే వార్డులు నిండాయి. వార్డులు నిండాయి, ఎందుకంటే జబ్బు నయమై ఇంటికి వెళ్ళగల స్థితిలో ఉన్న దాదాపు 13 వేల మంది ఏ రోజు చూసినా ఆ పడకల మీదే ఉన్నారు. వారు వెళ్ళలేకపోయారు, ఎందుకంటే వృద్ధాశ్రమాల్లోనో సొంత ఇంట్లోనో వారికి స్నానం చేయించి, మందులు వేసి, లేపి కూర్చోబెట్టే సంరక్షకులు దొరకలేదు.

ఆ సంరక్షకులు ఎక్కడికి పోయారు? ఇంగ్లండ్‌లో ఈ సంరక్షణ సేవల్లో అధిక భాగం ప్రైవేటు వ్యాపారాలే అందిస్తాయి. జీతాలు కనీస వేతనానికి దగ్గరగా ఉంటాయి. 2021 ద్వితీయార్ధంలో సూపర్‌మార్కెట్లు, గిడ్డంగులు తమ సొంత సిబ్బంది కొరతను తీర్చుకోవడానికి జీతాలు పెంచాయి. తెల్లవారుజామున ఒక వృద్ధుడి పక్కదుప్పటి మార్చే పని కన్నా గిడ్డంగిలో పెట్టెలు సర్దే పనికి ఎక్కువ ముట్టినప్పుడు మనిషి ఎటు వెళ్తాడో చెప్పనక్కరలేదు. 2021-22లో ఇంగ్లండ్ సంరక్షణ రంగంలో ఖాళీలు 1 లక్షా 65 వేలకు చేరాయి. సంరక్షణ సంస్థలు గిడ్డంగులతో సమానంగా జీతాలు పెంచలేకపోయాయి, ఎందుకంటే వారి ఆదాయంలో పెద్ద భాగం స్థానిక ప్రభుత్వాలు నిర్ణయించిన రేటు మీదే వస్తుంది. ఈ గొలుసును వెనక్కి లాక్కుంటూ వెళితే, ఆంబులెన్సులో గుండెపోటుతో పడుకున్న మనిషి నిరీక్షణ ఎమర్జెన్సీ విభాగంలో మొదలు కాలేదు. ఎక్కడో ఒక చిన్న సంరక్షణ సంస్థ జీతాల పట్టికలో మొదలైంది. ఎమర్జెన్సీ విభాగానికి ఇంకో పది మంది వైద్యులను ఇచ్చినా ఆ ఆంబులెన్సు కదిలేది కాదు.

వెళ్ళిపోయినవారు

2021లో అమెరికాలో తమంతట తాము ఉద్యోగాలు మానేసిన సందర్భాలు 4 కోట్ల 70 లక్షలు దాటాయి. హోటళ్ళు, ఆహార సేవల రంగంలో ఈ వలస అన్నిటికన్నా ఎక్కువ. నర్సులు మానేయడానికి గల కారణాల్లో కొన్ని హోటల్ సిబ్బంది కారణాలే: అలసట, చాలని జీతం, పిల్లలు. కొన్ని మాత్రం వారికే సొంతమైనవి. 2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచవ్యాప్తంగా కోవిడ్ వల్ల 80 వేల నుంచి 1 లక్షా 80 వేల మంది ఆరోగ్య, సంరక్షణ సిబ్బంది చనిపోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ప్రాణభయాన్ని మించి వారిని కుంగదీసింది, ఎలా చూసుకోవాలో తెలిసిన రోగిని అలా చూసుకోలేకపోవడం. తొమ్మిది మందిలో ఎవరి పిలుపుకు పలకకుండా ఉండాలో గంటగంటకూ నిర్ణయించుకుని, ఇంటికి వెళ్ళాక ఆ నిర్ణయాలనే తలచుకుంటూ పడుకోవడం ఏ జీతానికీ సర్దుబాటు కాదు.

ఖాళీలను పూరించడానికి ఆసుపత్రులు ఏజెన్సీల ద్వారా తాత్కాలిక నర్సులను తెచ్చుకున్నాయి. అమెరికాలో వారి వేతనం వారానికి 5,000 డాలర్లు దాటిన సందర్భాలు అనేకం. ఒక్కో ఆసుపత్రి వరకు ఇది సమంజసమైన నిర్ణయమే. అన్ని ఆసుపత్రులూ ఒకేసారి అదే చేసినప్పుడు నర్సుల మొత్తం సంఖ్య ఒక్కరు కూడా పెరగలేదు. ఉన్నవారే చేతులు మారారు, ఖర్చు మాత్రం పెరిగింది. పక్క మంచం దగ్గర అదే పని చేస్తూ తనకన్నా రెండు మూడు రెట్లు సంపాదిస్తున్న తాత్కాలిక నర్సును చూసి, పదేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న నర్సు తానూ ఏజెన్సీలో చేరింది. ఆమెతో పాటు ఆ విభాగం పోగొట్టుకున్నది ఒక జత చేతులనే కాదు. ఏ మందు ఏ అరలో ఉందో, ఏ సర్జన్‌ను రాత్రి రెండింటికి నిద్రలేపితే వెంటనే వస్తాడో, మాట తడబడుతున్న ఆ రోగి తాగి వచ్చాడా లేక మెదడులో రక్తస్రావమా అన్నది నడక చూసి పసిగట్టే చూపు కూడా ఆమెతోనే వెళ్ళిపోయాయి. డబ్బు తక్కువగా ఉన్న గ్రామీణ ఆసుపత్రులు ఈ పోటీలో అన్నిటికన్నా ముందు ఓడిపోయాయి.

అనుభవజ్ఞులు వెళ్ళిపోతే కొత్తవారు వస్తారనుకుంటాం. ఎమర్జెన్సీ వైద్యంలో స్పెషలైజేషన్ కోసం అమెరికాలో ఏటా మార్చిలో జరిగే సీట్ల కేటాయింపులో, 2021లో నిండకుండా మిగిలిన సీట్లు 14. 2022లో 219. 2023లో 3 వేల పైచిలుకు సీట్లకు గాను 554. ఆ రెండేళ్ళూ ఎమర్జెన్సీ విభాగాల్లో శిక్షణ పొందిన వైద్య విద్యార్థులు కిక్కిరిసిన నడవాలను, స్ట్రెచర్ల మీదే రోజులు గడిపిన రోగులను, అలసిపోయిన సీనియర్లను చూశారు. భవిష్యత్తులో ఈ విభాగంలో వైద్యుల సంఖ్య అవసరానికి మించుతుందన్న అంచనాలూ, శిక్షణ సీట్లు వేగంగా పెరగడమూ కూడా దీనికి తోడయ్యాయి గనుక ఒకే కారణానికి ముడిపెట్టడం సరికాదు.

2024 మార్చిలో మిగిలిన సీట్ల సంఖ్య 135కు తగ్గింది. అమెరికాలో మూతపడిన హోటళ్ళ తలుపులు అప్పటికి ఎప్పుడో తెరుచుకున్నాయి, ఆ దేశంలో నిరుద్యోగం 4 శాతం కన్నా దిగువనే ఉంది. ఎమర్జెన్సీ వైద్యంలో శిక్షణకు మూడు లేదా నాలుగు ఏళ్ళు పడుతుంది. ఆ మార్చిలో సీటు పొందినవారు జూలైలో తొలి డ్యూటీకి వచ్చారు. పక్కన సీనియర్ లేకుండా ఒక రాత్రి విభాగం మొత్తాన్ని తామే చూసుకోవడం వారికి 2027లోనో 2028లోనో మొదలవుతుంది.